క్వెరీ ఫెయిలైంది సరే... ఎంతసేపటికి?

మీ ల్యాప్‌టాప్‌లో మైఎస్‌క్యూఎల్ ఉంటే రెండు టెర్మినల్ విండోలు తెరవండి. రెండింట్లోనూ ఒకే డేటాబేస్‌లోకి లాగిన్ అవ్వండి. స్టూడెంట్స్ టేబుల్ ఒకటి ఎలాగూ ఉంటుంది, డీబీఎంఎస్ ల్యాబ్ పుణ్యమా అని. మొదటి విండోలో ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి ఒకటో నంబర్ స్టూడెంట్ మార్కులు అప్‌డేట్ చేయండి. కమిట్ కొట్టకండి, అలాగే వదిలేయండి. ఇప్పుడు రెండో విండోలోకి వచ్చి అదే స్టూడెంట్ మార్కులు మార్చడానికి ప్రయత్నించండి.

ఏమీ జరగదు. కర్సర్ మినుకుమినుకుమంటూ కూర్చుంటుంది. మీరు ఫోన్ అందుకుంటారు, ఓ రీల్ చూస్తారు. అప్పుడొస్తుంది ఎర్రర్ 1205: లాక్ కోసం ఎదురుచూసే గడువు దాటింది, ట్రాన్సాక్షన్ మళ్లీ మొదలుపెట్టండి అని.

ఇప్పుడు స్క్రీన్‌ను ఓసారి జాగ్రత్తగా చూడండి. ఇదే టూల్, సెలెక్ట్ 1 అనే పనికిమాలిన క్వెరీ వేస్తే కూడా చివర్లో 0.00 సెకన్లు అని బుద్ధిగా రాస్తుంది. మరి మిమ్మల్ని దాదాపు నిమిషం పాటు నిలబెట్టిన ఈ క్వెరీకి? ఎంత టైమ్ పట్టిందో ఒక్క ముక్క లేదు. గెలిచిన క్వెరీలకే లెక్క, ఓడినవాటికి లెక్కే లేదన్నమాట. (మీ ల్యాబ్‌లో ఎక్స్‌ఏఎంపీపీ వేసి ఉంటే లోపల ఉన్నది మరియాడీబీ. మీ వర్షన్‌లో ఏం కనిపిస్తుందో మీరే చూసుకోండి.)

ఇదేం పెద్ద విషయమా అనిపించొచ్చు. నా ఉద్దేశంలో పెద్ద విషయమే. కమాండ్ లైన్ టూల్ ఏదైనా సరే, క్వెరీ పాసైనప్పుడు టైమ్ చూపిస్తున్నదంటే ఫెయిలైనప్పుడు కూడా చూపించి తీరాలి. నిజానికి ఫెయిలైనప్పుడే ఆ అంకె ఎక్కువ అవసరం. క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు తయారవుతున్న మీకు ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, ఫ్రెషర్లలో చాలామందికి మొదట దొరికేది కొత్త యాప్ రాసే పని కాదు. ఎవరో రాసిన సిస్టమ్‌లో ఏదో ఫెయిలైతే ఎందుకైందో కనిపెట్టే పని. ప్రొడక్షన్ సపోర్ట్ అంటారు, మెయింటెనెన్స్ అంటారు, పేరు ఏదైతేనేం. ఆ పనిలో మొదటి నెలలోనే ఈ అంకె లేని లోటు తెలిసొస్తుంది.

ఒకే ఎర్రర్, రెండు కథలు

పోస్ట్‌గ్రెస్ ఉన్నవాళ్లు ఈ ప్రయోగం చేయండి. పీఎస్‌క్యూఎల్‌లోకి వెళ్లి ముందుగా బ్యాక్‌స్లాష్ టైమింగ్ కొట్టండి, టైమ్ చూపించడం మొదలవుతుంది. ఇప్పుడు సెలెక్ట్ 1 బై 0 అనండి. సున్నాతో భాగహారం కుదరదని ఎర్రర్ వస్తుంది, దాని కింద టైమ్ కూడా వస్తుంది. చాలా చిన్న అంకె. అసలా క్వెరీ పరుగు కూడా మొదలుపెట్టలేదు. రెండూ స్థిరమైన అంకెలే కాబట్టి ప్లాన్ వేసే దశలోనే లెక్క కట్టబోయి అక్కడే ఆగిపోయింది.

తర్వాత జనరేట్ సిరీస్‌తో 1 నుంచి 50 లక్షల వరకు అంకెలు పుట్టించండి. ప్రతి అంకెనూ 50 లక్షల్లోంచి తీసేసి, వచ్చినదాంతో 1ని భాగించమనండి. చిట్టచివరి వరుసలో మాత్రమే సున్నా వస్తుంది. ఎర్రర్ మెసేజ్ మాత్రం అక్షరం తేడా లేకుండా అదే. కానీ కింద టైమ్ చూడండి, మొదటిదానికీ దీనికీ పోలికే ఉండదు.

మెసేజ్ మాత్రమే చదివేవాడికి ఈ రెండూ ఒకటే. టైమ్ కూడా చదివేవాడికి తెలిసిపోతుంది: మొదటిది క్వెరీ రాతలోనే తప్పు, రెండోది డేటాలో ఎక్కడో లోపల దాక్కున్న తప్పు. మొదటిదానికి క్వెరీ సరిచేయాలి. రెండోదానికి ఆ సున్నా ఉన్న వరుస ఏదో వెతకాలి. చేయాల్సిన పనే మారిపోయింది చూశారా?

మైఎస్‌క్యూఎల్‌లో ఇంకా మంచి ఉదాహరణ ఉంది. ఇందాక చూసిన 1205కి తోడుగా 1213 అనే ఎర్రర్ ఉంది, అది డెడ్‌లాక్. రెండు మెసేజ్‌ల తోకా ఒకటే, ట్రాన్సాక్షన్ మళ్లీ మొదలుపెట్టమనే సలహా. కంగారులో ఉన్నవాడు ఆ తోక చదివి రెండూ ఒకటే అనుకుంటాడు. కానీ డెడ్‌లాక్‌ను ఇన్నోడీబీ మామూలు సెట్టింగులతో వెంటనే పసిగడుతుంది, ఒక ట్రాన్సాక్షన్‌ను అక్కడికక్కడే పూర్తిగా వెనక్కి తిప్పేస్తుంది. 1205 అలా కాదు. డీఫాల్ట్‌గా 50 సెకన్లు ఆగుతుంది, ఆ తర్వాత కూడా ఆ ఒక్క స్టేట్‌మెంట్‌నే వెనక్కి తిప్పుతుంది, ట్రాన్సాక్షన్ మొత్తాన్ని కాదు. ఈ తేడా తెలియని ప్రోగ్రామ్ 1205 తర్వాత కమిట్ కొడితే సగం పనే కమిట్ అవుతుంది. ఇంటర్వ్యూలో డెడ్‌లాక్ అంటే ఏమిటని అడిగితే అందరూ పుస్తకంలో ఉన్న డెఫినిషన్ అప్పజెబుతారు. ఈ రెండింటి తేడా చెప్పగలిగితే ప్యానెల్‌లో కూర్చున్నాయన పెన్ను పక్కన పెట్టి మీవైపు చూస్తాడు.

పోస్ట్‌గ్రెస్‌లో డెడ్‌లాక్ కథ కొంచెం వేరు. అది లాక్ కోసం డీఫాల్ట్‌గా ఒక సెకను ఎదురుచూశాకే డెడ్‌లాక్ ఉందేమోనని వెతకడం మొదలుపెడుతుంది. అక్కడ డెడ్‌లాక్ ఎర్రర్ కింద టైమ్ సెకను పైచిలుకు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇంకో సంగతి, పోస్ట్‌గ్రెస్‌లో మామూలు లాక్ కోసం ఎదురుచూపుకు డీఫాల్ట్‌గా హద్దే లేదు. ఇందాకటి రెండు విండోల ప్రయోగం అక్కడ చేస్తే సాయంత్రం దాకా కూర్చోవాలి. ముందుగా లాక్ టైమౌట్‌ను 5 సెకన్లకు పెట్టుకుని చేయండి. ఎర్రర్ వస్తుంది, కింద 5000 మిల్లీసెకన్ల పైన కొద్దిగా చూపిస్తుంది.

గుండ్రటి అంకెలను అనుమానించండి

ఆ 5000 దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం, ఈ వ్యాసం మొత్తంలో నాకిష్టమైన ముక్క ఇదే.

ఫెయిలైన క్వెరీకి పట్టిన టైమ్ 5, 30, 50, 60 సెకన్లలాంటి గుండ్రటి అంకెకు ఆనుకుని ఉందంటే, అక్కడ క్వెరీ తనంతట తాను పడిపోలేదు. ఎవరో ఎక్కడో ఒక సెట్టింగ్‌లో పెట్టిన హద్దుకు తగిలి ఆగింది. అది డేటాబేస్‌లో ఉండొచ్చు, కనెక్షన్ పూల్‌లో ఉండొచ్చు, మధ్యలో ఉన్న లోడ్ బ్యాలెన్సర్‌లో ఉండొచ్చు. మీరు వెతకాల్సింది క్వెరీలో కాదు, ఆ అంకె ఏ కాన్ఫిగరేషన్ ఫైల్లో రాసి ఉందో అక్కడ. అదే 37.4 సెకన్లలాంటి వంకర అంకె వచ్చిందంటే నిజంగా పని జరుగుతుండగా ఏదో విరిగింది. డిస్క్ నిండి ఉండొచ్చు, డూప్లికేట్ కీ తగిలి ఉండొచ్చు, మార్కుల కాలమ్‌లో ఎవరో ఆబ్సెంట్ అని అక్షరాల్లో రాసి ఉండొచ్చు. రెండు మూడు మిల్లీసెకన్లలోనే తిరిగొచ్చిందంటే పని మొదలవ్వనే లేదు. స్పెల్లింగ్ తప్పో, పర్మిషన్ లేకపోవడమో, లేని టేబుల్ పేరో.

ఇది నూటికి నూరుపాళ్లు పనిచేసే సూత్రమని చెప్పను. కానీ వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడానికి ఇంతకన్నా చౌకైన ఆధారం నాకు తెలియదు.

జావా ఫుల్ స్టాక్ నేర్చుకుంటున్నవాళ్లు దీన్ని ఇప్పటికే ఒకచోట చూసి ఉంటారు, గమనించి ఉండరు. స్ప్రింగ్ బూట్ యాప్ మీద లోడ్ పెరిగితే హికారీ పూల్ నుంచి ఒక ఎర్రర్ వస్తుంది: కనెక్షన్ అందుబాటులో లేదు, 30000 మిల్లీసెకన్ల తర్వాత టైమౌట్ అయింది అని. చూశారా, ఎర్రర్ మెసేజ్‌లోనే టైమ్ రాశారు. ఆ 30 సెకన్లు హికారీ డీఫాల్ట్ హద్దు కాబట్టి, డేటాబేస్ దాకా వెళ్లకముందే పూల్ దగ్గరే ఆగిపోయామని చదవగానే తెలిసిపోతుంది. ఆ లైబ్రరీ రాసినవాళ్లకు దణ్ణం పెట్టాలి.

ఆ ఎర్రర్ అసలెందుకు వస్తుందో లెక్కేయండి. హికారీలో డీఫాల్ట్‌గా 10 కనెక్షన్లు ఉంటాయి. ఒక్కో క్వెరీ 50 సెకన్లు లాక్ కోసం ఆగి, చివరకు ఫెయిలవుతోందనుకుందాం. పదిమంది వచ్చి పది కనెక్షన్లూ పట్టుకున్నారు. పదకొండోవాడు వేయబోయేది ఏ లాక్‌తోనూ సంబంధం లేని మామూలు క్వెరీ, మిల్లీసెకన్లలో అయిపోయేది. కానీ కనెక్షన్ దొరక్క 30 సెకన్లు నిలబడి, ఎర్రర్ పట్టుకుని వెళ్లిపోతాడు. పాసైన క్వెరీల లెక్క మాత్రమే చూసే టీమ్‌కు అన్నీ వేగంగానే కనిపిస్తాయి. యాప్ మాత్రం ఎవరికీ తెరుచుకోదు. మీరెప్పుడైనా పరీక్ష ఫలితాల రోజు ఏదైనా సైట్ ముందు కూర్చుని గుండ్రంగా తిరిగే చక్రాన్ని చూసి ఉంటే, ఎదురుచూసి చివరికి ఎర్రర్ చూడటం వెంటనే ఎర్రర్ చూడటం కన్నా ఎంత నరకమో నేను చెప్పక్కర్లేదు.

సగటుతో వచ్చే తంటా

ఇక్కడో చిక్కుంది. ఫెయిలైనవాటి టైమ్ కూడా కొలవాలి అనగానే కొందరు రెండింటినీ ఒకే సంచిలో పోసి సగటు తీస్తారు. అది ఇంకా ప్రమాదం.

100 క్వెరీలు అనుకోండి. 80 పాసయ్యాయి, ఒక్కోదానికి 200 మిల్లీసెకన్లు. 20 పర్మిషన్ లేక ఒక్కో మిల్లీసెకనులో ఫెయిలయ్యాయి. అన్నీ కలిపి సగటు తీస్తే 160 మిల్లీసెకన్లు. ఐదింట ఒక వంతు జనానికి పని జరగలేదు, మన గ్రాఫ్‌లో మాత్రం సిస్టమ్ మునుపటికన్నా వేగంగా ఉన్నట్టు కనిపిస్తోంది! ఇప్పుడు ఆ 20 క్వెరీలు 50 సెకన్ల లాక్ తర్వాత ఫెయిలయ్యాయనుకోండి. సగటు పది సెకన్లు దాటుతుంది. నిజానికి పది సెకన్లు పట్టిన క్వెరీ ఆ వందలో ఒక్కటీ లేదు.

అందుకే పాసైనవాటి టైమ్ వేరు, ఫెయిలైనవాటి టైమ్ వేరు. రెండూ కొలవాలి, విడివిడిగా చూడాలి. గూగుల్ ఇంజినీర్లు 2016లో తెచ్చిన సైట్ రిలయబిలిటీ ఇంజినీరింగ్ పుస్తకంలో కూడా ఈ మాటే ఉంది. ఆ పుస్తకం ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతుంది, కనీసం మానిటరింగ్ చాప్టర్ వరకైనా చదవండి.

అయితే టూల్స్ మాత్రం ఈ విషయంలో తలోదారి. పోస్ట్‌గ్రెస్ సంగతే తీసుకోండి. టెర్మినల్‌లో ఉన్న పీఎస్‌క్యూఎల్ ఫెయిలైన క్వెరీకి కూడా టైమ్ చెప్తుంది, సంతోషం. కానీ సర్వర్ వైపు చూస్తే, స్లో క్వెరీలను లాగ్‌లో రాసే లాగ్ మిన్ డ్యురేషన్ స్టేట్‌మెంట్ అనే సెట్టింగ్ పూర్తయిన క్వెరీల కోసమే. మధ్యలో ఫెయిలైనదానికి ఎర్రర్ రాస్తుంది కానీ పట్టిన సమయం రాయదు. క్వెరీల గణాంకాలు కూడబెట్టే పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ కూడా ఫెయిలైనవాటిని లెక్కలోకి తీసుకోదు. రోజూ వెయ్యిసార్లు టైమౌట్ అయ్యే క్వెరీ ఉంటే, టైమ్ ఎక్కువ తింటున్న క్వెరీల జాబితాలో దాని పేరే ఉండకపోవచ్చు.

మైఎస్‌క్యూఎల్‌లో సరిగ్గా తిరగేసిన కథ. సర్వర్‌కు తెలుసు. పెర్ఫార్మెన్స్ స్కీమాలో ఈవెంట్స్ స్టేట్‌మెంట్స్ హిస్టరీ అనే టేబుల్ ఉంది, అందులో ఎర్రర్ నంబరూ ఉంటుంది, పట్టిన సమయమూ ఉంటుంది. కాకపోతే ఆ సమయం పికోసెకన్లలో ఉంటుంది. సెకన్లు కావాలంటే ఒకటి పక్కన పన్నెండు సున్నాలు పెట్టి భాగించాలి. ఇందాకటి 1205 ఎర్రర్ వచ్చాక అదే విండోలో ఈ టేబుల్‌ను అడిగి చూడండి, 50 సెకన్లు అక్కడ భద్రంగా కనిపిస్తాయి. సర్వర్ లెక్కేసి పెట్టుకుంది, ఎదురుగా కూర్చున్న క్లయింట్ మనకు చెప్పదంతే. దీనికి నేనైతే బద్ధకం తప్ప వేరే పేరు పెట్టలేను.

బుద్ధిమంతుడు ఎస్‌క్యూలైట్. డాట్ టైమర్ ఆన్ అనండి, పాసైనా ఫెయిలైనా రన్ టైమ్ అని ఒక వరుస వేస్తుంది. పైగా అందులో మూడు అంకెలుంటాయి: రియల్, యూజర్, సిస్. రియల్ అంటే గోడ గడియారం ప్రకారం గడిచిన సమయం. యూజర్, సిస్ అంటే సీపీయూ నిజంగా పనిచేసిన సమయం. ఒకే ఫైల్‌ను రెండు విండోల్లో తెరిచి, ఒకదాంట్లో బిగిన్ ఇమీడియట్ అని తాళం వేయండి. రెండోదాంట్లో డాట్ టైమౌట్ 5000 పెట్టి ఏదైనా అప్‌డేట్ చేయండి. డేటాబేస్ లాక్ అయి ఉందని ఎర్రర్ వస్తుంది. రియల్ దగ్గర 5 సెకన్లు, యూజర్ దగ్గర దాదాపు సున్నా. అంటే ఆ ఐదు సెకన్లూ కష్టపడలేదు, గుమ్మం దగ్గర నిలబడింది. ఫెయిలైన క్వెరీ పనిచేసి ఓడిందా, పని దొరక్క ఓడిందా అన్నది ఇంత తేటగా చెప్పే టూల్, మనం మినీ ప్రాజెక్టుకు చాలదని పక్కన పెట్టే ఎస్‌క్యూలైటే కావడం తమాషా.

రాత్రి షిఫ్టులో ఒక అంకె లేకపోతే

నేను పనిచేసిన ఒక టీమ్‌లో రాత్రిపూట నడిచే రిపోర్ట్ జాబ్ ఉండేది. వరసగా చాలా స్టెప్పులు, ఒకటయ్యాక ఒకటి. పొద్దున్న ఏడింటికల్లా రిపోర్ట్ క్లయింట్ చేతిలో ఉండాలి. ఒకరోజు డూప్లికేట్ కీ ఎర్రర్‌తో ఒక స్టెప్ ఆగిపోయింది. లాగ్‌లో ఎర్రర్ మెసేజ్ మాత్రమే ఉంది, ఆ స్టెప్ ఎంతసేపు నడిచి ఆగిందో లేదు. షిఫ్టులో ఉన్న కుర్రాడు నాలుగున్నరకు అలర్ట్ చూసి, మాన్యువల్‌లో రాసినట్టే రీరన్ కొట్టాడు. నలభై నిమిషాలు నడిచి మళ్లీ అదే ఎర్రర్. మళ్లీ కొట్టాడు, మళ్లీ నలభై నిమిషాలు. ఆరు అయిపోయింది. అసలు సమస్య ఒక ఫైల్ రెండుసార్లు లోడ్ కావడం, దాన్ని తీసేయడం ఐదు నిమిషాల పని. కానీ ఆ తర్వాత మొత్తం నడవడానికి టైమ్ మిగల్లేదు.

మొదటి ఎర్రర్ పక్కనే నలభై నిమిషాలు అని ఒక్క మాట ఉండుంటే? ఎంత కొత్తవాడైనా రీరన్ కొట్టే ముందు ఒక లెక్క వేసుకునేవాడు: చేతిలో ఉన్నది రెండున్నర గంటలు, ఒక్కో ప్రయత్నానికి నలభై నిమిషాలు, గుడ్డిగా ప్రయత్నించే వీల్లేదు, ముందు కారణం కనుక్కోవాలి అని. మర్నాడు మీటింగ్‌లో మాటలు పడింది ఆ కుర్రాడే. ఆ స్క్రిప్ట్‌ను అలా రాసినవాళ్లను ఎవరూ ఏమీ అనలేదు. ఫ్రెషర్‌గా మీరు కూర్చోబోయేది చాలావరకు ఆ కుర్రాడి కుర్చీలోనే.

ఎందుకు చూపించరు?

కారణం చాలా మామూలుది. జూనియర్ల ప్రాజెక్టు కోడ్ చూసినప్పుడల్లా ఇది కనిపిస్తుంది. పైథాన్‌లో అయితే ట్రై లోపల టైమర్ మొదలుపెడతారు, క్వెరీ నడుపుతారు, టైమర్ ఆపుతారు, టైమ్ ప్రింట్ చేస్తారు. ఎక్సెప్ట్‌లో ఎర్రర్ ప్రింట్ చేసి వదిలేస్తారు. క్వెరీ ఫెయిలైన క్షణంలో కంట్రోల్ సరాసరి ఎక్సెప్ట్‌లోకి దూకుతుంది, టైమర్ ఆపే వరుస దాకా రానే రాదు. ఎవరూ కావాలని దాచలేదు, ఆ వరుస ఉన్న చోటు అలాంటిది. దాన్ని ఫైనల్లీలోకి మార్చండి, అయిపోయింది. గో భాషలో అయితే డిఫర్, జావాలో పైథాన్ లాగే ఫైనల్లీ.

మార్చేటప్పుడే ఇంకో పని చేయండి. టైమ్ డాట్ టైమ్ వాడుతుంటే దాని బదులు పెర్ఫ్ కౌంటర్ వాడండి. మొదటిది సిస్టమ్ గడియారం. నెట్‌వర్క్ నుంచి టైమ్ సరిచేసుకునేటప్పుడు అది ముందుకో వెనక్కో జరగొచ్చు. వ్యవధి కొలవడానికి వెనక్కి నడవని గడియారమే కావాలి. మైనస్ 2 సెకన్లలో ఫెయిలైందని ప్రింట్ అయితే పరువుపోతుంది.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. ఎర్రర్ అవుట్‌పుట్‌ను చదివే పాత స్క్రిప్టులు కొత్త వరుస చూసి తికమకపడతాయని ఒక వాదన. అది న్యాయమైనదే. అందుకే టైమ్‌ను ఎర్రర్ వరుసలో ఇరికించకుండా దాని కింద వేరే వరుసలో వేయాలి, అదీ టైమింగ్ ఆన్ చేసినవాళ్లకే. స్పెల్లింగ్ తప్పులకు కూడా టైమ్ ఎందుకు, చెత్త కదా అని ఇంకో వాదన. దీనితో నేను ఒప్పుకోను. 2 మిల్లీసెకన్లు అన్నదీ సమాచారమే, తప్పు గుమ్మంలోనే దొరికిందని చెప్తోంది. పైగా ఏ ఎర్రర్‌కు టైమ్ చూపించాలి, దేనికి అక్కర్లేదు అని టూల్ నిర్ణయించడం మొదలుపెడితే, మనకు కావాల్సిన రోజున అది ఉండదు.

ఒక్కచోట మాత్రం నేనూ వద్దంటాను. క్వెరీ సర్వర్‌కు చేరకముందే కనెక్షన్ తెగి ఉంటే, దానికి క్వెరీ టైమ్ అని అంకె వేయడం అబద్ధం. మైఎస్‌క్యూఎల్‌లో రాత్రంతా వదిలేసిన విండోలో పొద్దున్నే క్వెరీ కొడితే పాత వర్షన్లలో సర్వర్ వెళ్లిపోయిందని 2006 ఎర్రర్ వచ్చేది, ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను డీఫాల్ట్‌గా 8 గంటల తర్వాత సర్వర్ తెంపేస్తుంది కాబట్టి. అలాంటప్పుడు క్వెరీ పంపలేదు అని రాయడమే నిజాయితీ. క్వెరీ నడుస్తుండగా కనెక్షన్ తెగితే వచ్చేది వేరే నంబర్, 2013. దానికి టైమ్ తప్పకుండా కావాలి.

మీ టూల్ చెప్పకపోతే ఈలోపు మీరే కొలుచుకోవచ్చు. లైనక్స్‌లో ఏ కమాండ్ ముందైనా టైమ్ అని పెడితే, ఆ కమాండ్ ఫెయిలైనా సరే పట్టిన సమయం చెప్తుంది. మైఎస్‌క్యూఎల్‌ను హైఫన్ ఈ ఆప్షన్‌తో ఒక్క క్వెరీకి పిలిచి, ముందు టైమ్ పెట్టండి. లాగిన్ అవడానికి పట్టిన సమయం కూడా కలుస్తుంది కాబట్టి మిల్లీసెకన్ల లెక్కకు పనికిరాదు. 50 సెకన్లా, అర సెకనా తేల్చడానికి చక్కగా సరిపోతుంది. విండోస్ వాళ్లకు పవర్‌షెల్‌లో మెజర్ కమాండ్ ఉంది.

మాక్ ఇంటర్వ్యూలు చేసేటప్పుడు నేను జూనియర్లను ఒక ప్రశ్న అడుగుతుంటా: ప్రొడక్షన్‌లో క్వెరీ ఫెయిలైందని మీకు ఫోనొచ్చింది, అవతలివాళ్లను ఏం అడుగుతారు? ఎర్రర్ మెసేజ్ అడుగుతామని అందరూ చెప్తారు. ఆ తర్వాత? చాలామంది ఆగిపోతారు, లేదంటే క్వెరీ పంపమంటామని అంటారు. కొట్టిన ఎంతసేపటికి ఫెయిలైంది, ప్రతిసారీ అంతే పడుతోందా అని అడిగినవాళ్లు నాకు తగిలింది చాలా తక్కువ. ప్రతిసారీ అంతే పడుతోందా అన్న రెండో సగం ఇంకా ముఖ్యం. ప్రతిసారీ ఒకేలా ఉంటే హద్దో, ఒకే చోటున్న చెడ్డ వరుసో అయ్యుంటుంది. మారుతూ ఉంటే పక్కన ఇంకెవరో ఏదో చేస్తున్నారన్నమాట.

ఇక రెజ్యూమేలో రాసుకోవడానికి ఏదైనా కావాలంటే, లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అని నాలుగోసారి రాసే బదులు ఇది చూడండి. పీజీక్లై, మైక్లై అని రెండు కమాండ్ లైన్ టూల్స్ ఉన్నాయి, పోస్ట్‌గ్రెస్‌కు ఒకటి, మైఎస్‌క్యూఎల్‌కు ఒకటి. రెండూ పైథాన్‌లో రాసినవే, రెండూ ఓపెన్ సోర్సే. ఇన్‌స్టాల్ చేసి, ఈ వ్యాసంలో చెప్పిన ఎర్రర్లన్నీ ఒక్కొక్కటిగా కావాలని తెప్పించండి. ఎక్కడ టైమ్ వస్తోంది, ఎక్కడ రావట్లేదు, వచ్చినచోట ఆ అంకె నిజమేనా అని రాసుకోండి. తర్వాత కోడ్ తెరిచి టైమర్ ఆపే వరుస ఎక్కడుందో వెతకండి. అన్నీ సరిగ్గానే ఉన్నాయా, ఇంకో చిన్న టూల్ పట్టుకోండి, ఇలాంటివి కొల్లలు. ఎక్కడైనా లోటు దొరికితే మార్పు పంపే ముందు దానికో టెస్ట్ రాయండి. క్వెరీ పాసయ్యే టెస్ట్ వాళ్ల దగ్గర ఎలాగూ ఉంటుంది, మీరు రాయాల్సింది క్వెరీ ఓ రెండు సెకన్లు నడిచి ఫెయిలయ్యే టెస్ట్. పోస్ట్‌గ్రెస్‌లో అయితే స్టేట్‌మెంట్ టైమౌట్ 2 సెకన్లు పెట్టి, పీజీ స్లీప్‌తో పది సెకన్లు పడుకోమంటే సరిపోతుంది.